పైరును పైకి లాగిన రైతు: పిల్లల చదువు గురించి ప్రాచీన చైనా తత్త్వవేత్తలు నిజంగా ఏమన్నారు?

ప్రాచీన చైనాలోని సోంగ్ రాజ్యంలో ఒక రైతు తన పైరు ఎదగడం లేదని దిగులుపడి, పొలంలోకి దిగి ఒక్కొక్క మొక్కనూ పట్టుకుని కాస్త పైకి లాగాడట. సాయంత్రం అలసిపోయి ఇంటికి వచ్చి, ‘ఈ రోజు పైరు ఎదగడానికి సాయం చేసి వచ్చాను’ అని ఇంటివాళ్లకు చెప్పాడు. కొడుకు పరుగెత్తి వెళ్లి చూసేసరికి మొక్కలన్నీ వాడిపోయి ఉన్నాయి. క్రీ.పూ. 4వ శతాబ్దంలో తత్త్వవేత్త మెన్షియస్ చెప్పిన ఈ కథ చైనా భాషలో నాలుగక్షరాల నానుడిగా నేటికీ నిలిచి ఉంది. వయసుకు మించిన చదువును పిల్లల మీద రుద్దే పెద్దల గురించి మాట్లాడేటప్పుడు అక్కడివాళ్లు దాన్ని తరచుగా వాడతారు. ‘పరుగు మొదలయ్యే గీత దగ్గరే మన పిల్లలు ఓడిపోకూడదు’ అన్న మాట కూడా ఆ దేశంలోనే అంతే ప్రచారంలో ఉంది.

2021 జూలైలో చైనా ప్రభుత్వం ‘జంట భారాల తగ్గింపు’ పేరుతో హోంవర్కునూ బయటి ట్యూషన్లనూ తగ్గించే విధానాన్ని ప్రకటించినప్పుడు, ఈ రెండు మాటల మధ్య ఉన్న ఘర్షణ ప్రపంచమంతటికీ కనిపించింది. జూన్‌లో కళాశాల ప్రవేశ పరీక్ష గావోకావ్ జరిగే రోజుల్లో కూడా ఆ చర్చ మళ్లీ మొదలవుతుంది. అప్పుడు తరచుగా వినిపించే వివరణ ఒకటుంది: ఇదంతా కన్ఫ్యూషియస్ సంస్కృతి, బట్టీ చదువు, పెద్దల పట్ల విధేయత, పరీక్షల ఒత్తిడి అన్నీ అక్కడి నుంచే వచ్చాయి అని. మరోవైపు, పిల్లవాణ్ణి నీటిలా సహజంగా పారనివ్వండి అని బోధించే లావోజి సూక్తులు కూడా ‘ప్రాచీన చైనా జ్ఞానం’ పేరుతోనే ప్రచారమవుతాయి. రెండూ ఒకే నేల నుంచి వచ్చాయంటే పాఠకుడికి అయోమయం కలగడం సహజం. ఆ ముడిని విప్పాలంటే ఆ తత్త్వవేత్తలు ఒకరితో ఒకరు ఏ విషయంలో తగవుపడ్డారో, ఏ విషయంలో కలిశారో విడివిడిగా చూడాలి.

## ఎవరు, ఎప్పుడు, ఎవరి గురించి మాట్లాడారు

కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) నేటి షాన్‌డోంగ్ ప్రాంతంలోని లూ రాజ్యంలో పుట్టాడు. ఆయన మాటలను శిష్యులూ, వారి శిష్యులూ కూర్చిన సంపుటికి ‘లున్‌యు’ అని పేరు. ఆ తరువాత చిన్న రాజ్యాలు ఒకదానినొకటి మింగుతూ వచ్చిన సుమారు రెండున్నర శతాబ్దాల ‘యుద్ధరత రాజ్యాల యుగం’లో మెన్షియస్, షున్‌జి ఆయన దారిని రెండు భిన్న దిక్కులకు తీసుకుపోయారు. లావోజి, జువాంగ్‌జి పేర్లతో ఉన్న గ్రంథాలు ఆ దారినే ప్రశ్నించాయి. షున్‌జి దగ్గర చదువుకున్న హాన్ ఫెయి, అసలు బోధన మీదే నమ్మకం లేని రాజనీతిని నిర్మించాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వీరిలో చాలామంది నేరుగా చిన్నపిల్లల గురించి రాయలేదు. వారి ప్రధాన ప్రశ్నలు మంచి మనిషి ఎలా తయారవుతాడు, రాజ్యం ఎలా నడవాలి అన్నవే. పైరు లాగిన రైతు కథ కూడా అసలు సందర్భంలో పిల్లల గురించినది కాదు; ఎదిగిన మనిషి తనలోని నైతిక శక్తిని తొందరపడకుండా ఎలా పెంచుకోవాలో వివరిస్తూ మెన్షియస్ దాన్ని చెప్పాడు. అదే చోట ఆయన మరో తప్పును కూడా చూపాడు: ప్రయోజనం లేదనుకుని పైరును వదిలేసేవాడు కలుపు తీయని రైతు. లాగడమూ తప్పే, కలుపు తీయకుండా వదిలేయడమూ తప్పే. ఈ రెండో సగాన్ని నేటి చర్చల్లో చాలామంది మరిచిపోతారు.

మూడు పదాల అర్థాలను కూడా ముందే తెలుసుకోవాలి. ‘షింగ్’ అంటే పుట్టుకతో వచ్చే స్వభావం. ‘లీ’ అంటే పూజావిధుల నుంచి పలకరింపు వరకు విస్తరించిన ఆచార మర్యాదలు. ‘షీ’ అంటే అభ్యాసం. సంప్రదాయ లిపిలో ఈ అక్షరం పైభాగంలో రెక్కల గుర్తు ఉంటుంది. ప్రాచీన చైనా నిఘంటువు దానికి ‘మళ్లీ మళ్లీ ఎగరడం’ అని అర్థం చెప్పింది. ‘లున్‌యు’ మొదటి వాక్యంలోనే కన్ఫ్యూషియస్ నేర్చుకున్నదాన్ని తగిన వేళల్లో ‘షీ’ చేయడం ఆనందం కాదా అని అడుగుతాడు. గూటి అంచున రెక్కలు ఆడిస్తున్న పక్షిపిల్లను తలచుకుంటే, ఆ మాటను ‘వల్లె వేయడం’ అని మాత్రమే అనువదించడం ఎంత అన్యాయమో అర్థమవుతుంది.

## పుట్టినప్పుడు పిల్లవాడు ఏమిటి?

కన్ఫ్యూషియస్ ఈ ప్రశ్నకు ఒక్క చిన్న వాక్యంతో జవాబిచ్చి వదిలేశాడు: స్వభావంలో మనుషులు దగ్గర దగ్గరగా ఉంటారు, అభ్యాసంతో దూరమవుతారు. అసలు తగవు ఆయన తరువాత మొదలైంది.

మెన్షియస్ వాదన ప్రకారం ప్రతి మనిషిలోనూ నాలుగు మొలకలు పుట్టుకతోనే ఉంటాయి: జాలి, సిగ్గు, వినయం, మంచిచెడుల వివేకం. బావిలో పడబోతున్న పసివాణ్ణి అనుకోకుండా చూసిన ఎవరికైనా గుండె ఒక్కసారి అదురుతుందని, ఆ క్షణంలో పేరు గురించి గానీ ఆ పిల్లవాడి తల్లిదండ్రుల మెప్పు గురించి గానీ ఎవరూ ఆలోచించరని ఆయన చెప్పిన ఉదాహరణ ప్రసిద్ధం. మొలక ఉన్నంత మాత్రాన చెట్టు ఉన్నట్టు కాదు. ఎద్దుకొండ మీద ఒకప్పుడు దట్టమైన అడవి ఉండేది. గొడ్డళ్లు నరికాయి, పశువులు మేశాయి, ఇప్పుడు బోడికొండను చూసి అక్కడ చెట్లే ఉండేవి కావనుకుంటున్నారు అని ఆయన అంటాడు.

షున్‌జి దీన్ని సూటిగా తిరస్కరించాడు. మనిషి స్వభావం చెడ్డది, మంచితనం శ్రమతో తయారైనది అన్నది ఆయన వాక్యం. ఇందులో పాపభావన ఏమీ లేదు. కోరికలకు పుట్టుకతో హద్దు తెలియదు కాబట్టి, హద్దు నేర్పకపోతే కలహం తప్పదన్నదే ఆయన వాదన. నిటారుగా ఉన్న కర్రను ఆవిరి పట్టి వంచితే చక్రమవుతుంది, ఎండబెట్టినా మళ్లీ నిటారు కాదు. చదువు అలాంటిదని ఆయన అంటాడు. మన ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత ఇక్కడ గుర్తుకు వస్తుంది గానీ, షున్‌జి ఆశ దానికంటే పెద్దది: సరైన వేడి తగిలితే మానై పోయిన కర్ర కూడా వంగుతుంది, చదువు ఎప్పటికీ ఆగకూడదు. నీలిమొక్క నుంచి తీసిన నీలిరంగు ఆ మొక్కకంటే నీలంగా ఉంటుందన్న ఆయన ఉపమానం, గురువును మించిన శిష్యుడికి చైనా భాషలో నేటికీ వాడే పోలిక.

కర్ర ఉపమానం మీద మెన్షియస్ అంతకుముందే ఒక అభ్యంతరం చెప్పి ఉండటం ఆసక్తికరం. స్వభావం విల్లో కర్ర లాంటిది, ధర్మం దానితో చేసిన గిన్నె లాంటిది అని ఆయనతో వాదించిన గావోజి అనే ఆలోచనాపరుడు అన్నప్పుడు, గిన్నె చేయాలంటే కర్రను గాయపరచాలి కదా, మనిషిని మంచివాణ్ణి చేయడానికి కూడా గాయపరచాలంటావా అని ఆయన అడిగాడు. ఈ విషయం మీద ప్రాచీన చైనాలో వేసిన అతి గొప్ప ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఐదేళ్ల పిల్లవాడు చెల్లెలి చేతిలోని పండు లాక్కున్నాడు, ఆ పాప ఏడ్చింది. మెన్షియస్ దారిలో నడిచే తల్లి ఆ ఏడుపు విన్నప్పుడు వాడి ముఖంలో మెదిలిన చిన్న కలవరం కోసం చూస్తుంది, దాన్ని వాడికే గుర్తుచేసి పెంచుతుంది. షున్‌జి దారిలో నడిచే తల్లి కలవరం కోసం ఎదురుచూడదు. పంచుకునే పద్ధతిని ముందే ఏర్పాటు చేసి, రోజూ ఆచరింపజేసి, ఆ ఆచరణే కొన్నాళ్లకు వాడి ఇష్టంగా మారేలా చేస్తుంది. మొదటిది గారాబం కాదు, రెండవది కర్కశత్వం కాదు. మంచి గురువు సాన్నిధ్యాన్ని మించిన దగ్గరిదారి చదువుకు లేదని చెప్పిన షున్‌జి, సంగీతానికి కూడా శిక్షణలో పెద్ద స్థానమే ఇచ్చాడు.

## ప్రత్యర్థులందరూ కలిసిన చోటు

స్వభావం గురించి ఇంత తగవు ఉన్నా, చుట్టూ ఉన్న వాతావరణం గురించి వీరు దాదాపు ఒకే మాట చెప్పారు. తిన్నగా నిలవని ఒక కలుపుమొక్క జనుము మధ్య పెరిగితే ఆసరా లేకుండానే నిటారుగా నిలుస్తుందని షున్‌జి అన్నాడు. కన్ఫ్యూషియస్ వారసులతో అనేక విషయాల్లో పోరాడిన మోజి పేరిట ఉన్న గ్రంథం పట్టుదారాన్ని నీలిలో ముంచితే నీలమవుతుంది, పసుపులో ముంచితే పసుపవుతుంది, అద్దకంలో జాగ్రత్త అవసరం అంటుంది.

వీటన్నిటికంటే పదునైన ఉదాహరణ మెన్షియస్‌ది. చూ రాజ్యపు పెద్దమనిషి ఒకడు తన కొడుకుకు చీ రాజ్యపు మాట నేర్పాలనుకున్నాడు. చీ నుంచి ఒక ఉపాధ్యాయుణ్ణి పెట్టాడు, కానీ చుట్టూ అందరూ చూ మాటే మాట్లాడుతున్నారు. రోజూ కొట్టినా ఆ పిల్లవాడికి చీ మాట రాదు. అదే పిల్లవాణ్ణి తీసుకెళ్లి చీ రాజధానిలోని రద్దీ వీధుల్లో కొన్నేళ్లు ఉంచితే, ఆ తరువాత రోజూ కొట్టినా చూ మాట మాట్లాడడు. పిల్లలను ఒక దేశంలో పెంచుతూ మరో భాష నేర్పాలని ప్రయత్నించే ప్రవాస తెలుగు కుటుంబాలకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. మెన్షియస్ దీన్ని రాజు చుట్టూ ఎలాంటివారు ఉండాలో చెప్పడానికి వాడుకున్నా, బెత్తం చేయలేని పని వీధి చేస్తుందన్న గమనిక మాత్రం పిల్లల గురించిందే.

మెన్షియస్ తల్లి మూడుసార్లు ఇల్లు మారిందన్న కథ కూడా ఈ భావం నుంచే పుట్టింది. శ్మశానం పక్కన ఉంటే పిల్లవాడు అంత్యక్రియల ఆట ఆడాడు, సంత పక్కన ఉంటే బేరాల ఆట ఆడాడు, పాఠశాల పక్కకు మారాక మర్యాదలను అనుకరించాడు. ఈ కథ మనకు దొరికేది క్రీ.పూ. 1వ శతాబ్దంలో ల్యూ షియాంగ్ కూర్చిన స్త్రీల జీవితకథల సంపుటిలో, అంటే మెన్షియస్ మరణించిన రెండు శతాబ్దాలకు పైగా గడిచాక. కాబట్టి దీన్ని చరిత్రగా కంటే ఆదర్శంగా చదవడమే మేలు. మంచి బడి ఉన్న పేటలో ఇల్లు కొనడానికి అప్పులు చేసే నేటి చైనా తల్లిదండ్రులను ఈ కథతో పోల్చడం అక్కడ మామూలే.

## నేర్పే పద్ధతి: ఒకే ప్రశ్నకు రెండు జవాబులు

కన్ఫ్యూషియస్‌ను బట్టీ చదువుకు మూలపురుషుడిగా చూపేవారు ‘లున్‌యు’లోని కొన్ని ఘట్టాలను చదివి ఉండరనిపిస్తుంది. జిలు అనే శిష్యుడు, విన్న మంచిమాటను వెంటనే ఆచరణలో పెట్టాలా అని అడిగాడు. తండ్రీ అన్నలూ ఉండగా వెంటనే ఎలా పెడతావు అన్నాడు గురువు. తరువాత రన్ యౌ అదే ప్రశ్న అడిగితే, అవును, వెంటనే పెట్టు అన్నాడు. ఇది విన్న మూడో శిష్యుడు తికమకపడి కారణం అడిగితే, రన్ యౌ వెనుకాడేవాడు కాబట్టి ముందుకు తోశాను, జిలు ఇద్దరి ఉత్సాహం ఉన్నవాడు కాబట్టి వెనక్కి లాగాను అని చెప్పాడు.

తెలుసుకోవాలన్న తపన లేనివాడికి తాను దారి తెరవనని, మాట నోటిదాకా వచ్చి తడబడనివాడికి అందించనని, చదరానికి ఒక మూల చూపిస్తే మిగతా మూడు మూలలనూ తానే పట్టుకోలేనివాడికి మళ్లీ చెప్పనని కూడా ఆయన అన్నాడు. ఇందులో కొంత కాఠిన్యం ఉంది. వెనకబడిన పిల్లవాడి సంగతేమిటని నేటి ఉపాధ్యాయుడు అడగవచ్చు. కానీ జవాబు శిష్యుడి నుంచే రావాలన్న పట్టుదల బట్టీ పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం. ప్రాచీన గీతసంపుటిలోని మూడువందల గీతాలు కంఠతా వచ్చినా, పరిపాలన అప్పగిస్తే చేయలేనివాడికి, పరాయి దేశానికి దూతగా పంపితే సొంతంగా జవాబు చెప్పలేనివాడికి ఆ కంఠస్థం ఎందుకని అడిగింది కూడా ఆయనే. అయితే ఆలోచన లేని చదువు వ్యర్థమన్న వాక్యంలోనే చదువు లేని ఆలోచన ప్రమాదమని ఆయన అన్నాడు కాబట్టి, ఆయనను స్వేచ్ఛావాదిగా చిత్రించడం కూడా సరికాదు.

బోధనా పద్ధతి గురించి ప్రత్యేకంగా రాసిన గ్రంథం కావాలంటే, హాన్ వంశ యుగంలో (క్రీ.పూ. 202–క్రీ.శ. 220) కూర్చిన ఆచారగ్రంథం ‘లీజి’లోని ‘షుయెజి’ అనే చిన్న అధ్యాయాన్ని చూడాలి. మంచి గురువు దారి చూపుతాడు గాని ఈడ్చుకుపోడు, ప్రోత్సహిస్తాడు గాని అణచడు, తలుపు తెరుస్తాడు గాని చివరిదాకా మోసుకుపోడు అని అది అంటుంది. గట్టి దుంగను చీల్చేవాడు ముందు మెత్తని చోట మొదలుపెట్టి కణుపులను తరువాతకు ఉంచినట్టు, ప్రశ్నలు తేలికవాటితో మొదలుకావాలి. గురువు గంటలాంటివాడు, చిన్నగా కొడితే చిన్నగా, పెద్దగా కొడితే పెద్దగా మోగాలి. అన్నిటికీ మించి, ఆ కాలపు ఉపాధ్యాయుల మీద అది చేసిన ఫిర్యాదు నిన్న రాసినట్టుంటుంది: పలకల మీది పాఠాన్ని రాగం తీసి చదివిస్తారు, ప్రశ్నలతో ముంచెత్తుతారు, పిల్లవాడికి ఎక్కిందో లేదో చూడకుండా ముందుకు పరుగెడతారు; అందుకే పిల్లలు చదువుతో బాధపడి గురువును ద్వేషిస్తారు, కోర్సు ముగియగానే నేర్చినదంతా పోతుంది. అదే అధ్యాయం క్రమశిక్షణ కోసం రెండు రకాల బెత్తాలను కూడా పేర్కొంటుందన్నది దాచకూడని విషయం.

## సొంత పిల్లలకు తండ్రి నేర్పవచ్చా?

దీనికి మెన్షియస్ ఇచ్చిన జవాబు చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది: వద్దు. నేర్పేవాడు సరిగ్గా చేయమని పట్టుపట్టాలి, చేయకపోతే కోపం వస్తుంది, అప్పుడు కొడుకు ‘నాన్న నాకు ధర్మం చెబుతాడు, తాను మాత్రం దాని ప్రకారం నడవడు’ అనుకుంటాడు. తండ్రీకొడుకుల మధ్య మనసులు విరగడం కంటే పెద్ద నష్టం లేదు కాబట్టి, పూర్వులు ఒకరి కొడుకులకు ఒకరు చదువు చెప్పుకునేవారని ఆయన అన్నాడు.

కన్ఫ్యూషియస్ కొడుకు బోయు అనుభవం దీనికి దగ్గరగానే ఉంది. నీకు మీ నాన్న ప్రత్యేకంగా ఏదైనా నేర్పాడా అని చెన్ కాంగ్ అడిగితే, తాను ముంగిట్లోంచి త్వరత్వరగా వెళ్తున్నప్పుడు రెండుసార్లు మాత్రం తండ్రి ఆపాడని బోయు చెప్పాడు: ఒకసారి గీతాలు చదివావా అని, ఇంకోసారి మర్యాదలు నేర్చుకున్నావా అని. ఇందులో ప్రేమలేమిని చూసేవారున్నారు, పక్షపాతం లేని నిష్ఠను చూసేవారున్నారు. చెన్ కాంగ్ రెండోదే చూశాడు.

తల్లిదండ్రులు పాఠం చెప్పకపోతే మరేమి చేయాలి? కన్ఫ్యూషియస్ శిష్యుడు జెంగ్‌జి గురించిన కథ ఒకటి జవాబుకు దగ్గరగా వస్తుంది. సంతకు వెళ్తున్న భార్య వెంట కొడుకు ఏడుస్తూ వస్తే, ‘ఇంటికి వెళ్లు, తిరిగి వచ్చాక నీకు పందిని కోస్తాను’ అని ఆమె అంది. ఆమె తిరిగివచ్చేసరికి జెంగ్‌జి పందిని పట్టుకుని కోయబోతున్నాడు. ఊరికే అన్నాను అని ఆమె ఆపితే, పిల్లవాడితో ఊరికే అనకూడదు, వాడు నేర్చుకునేది మన దగ్గరే, వాణ్ణి మోసం చేస్తే మోసం చేయడమే నేర్పినట్టు అన్నాడు. పందిని కోశాడు. ఈ కథలో, పైన చూసిన వాటిలో చాలాచోట్ల, కఠిన నియమం ఎవరి మీద పడిందో గమనించండి: పిల్లవాడి మీద కాదు, పెద్దవాళ్ల మీద. ప్రాచీన చైనా కాఠిన్యం గురించి మాట్లాడేవారు ఈ సంగతిని చూడకుండా దాటిపోతారని నాకు అనిపిస్తుంది.

## నేర్పకపోవడమే మేలన్నవారు

చదువు వెంట వెళ్లేవాడికి రోజురోజుకూ పెరుగుతుంది, ‘దావ్’ (సృష్టి సహజంగా నడిచే దారి) వెంట వెళ్లేవాడికి రోజురోజుకూ తగ్గుతుంది అంటాడు లావోజి. పసిబిడ్డ మెత్తదనంలో ఆయన పరిపూర్ణ శక్తిని చూశాడు. జువాంగ్‌జి గ్రంథం ఇంకా ముందుకు వెళ్తుంది: గుర్రాలను తీర్చిదిద్దడంలో పేరుపొందిన బోలె వాతలు పెట్టి, కళ్లెం వేసి, పస్తులుంచి నడక నేర్పితే సగానికి పైగా గుర్రాలు చచ్చిపోయాయి. బాతు కాళ్లు పొట్టివే అయినా వాటికి అతుకు వేస్తే బాధ, కొంగ కాళ్లు పొడుగే అయినా నరికితే దుఃఖం.

అదే గ్రంథంలో చక్రాలు చేసే వడ్రంగి ఒకడు పుస్తకం చదువుతున్న ప్రభువుతో, అది చనిపోయినవారి పిప్పి అంటాడు. ఉలి దెబ్బ నెమ్మదైతే జారుతుంది, వేగమైతే చిక్కుకుంటుంది. సరైన దెబ్బ చేతికి తెలుసు గాని నోటికి రాదు, అందుకే కొడుక్కి నేర్పలేక 70 ఏళ్ల వయసులో ఇంకా తానే చక్రాలు చేస్తున్నానని వాపోతాడు. మాటలతో అందించలేని జ్ఞానం ఉందన్న ఈ ఫిర్యాదుకు కన్ఫ్యూషియస్ వారసుల దగ్గర పూర్తి సమాధానం లేదు.

అయితే లావోజిని నేటి ‘పిల్లల స్వేచ్ఛ’ ఉద్యమానికి ఆద్యుడిగా చూపడం తొందరపాటు. పూర్వపు పాలకులు ప్రజలకు తెలివి నేర్పకుండా అమాయకులుగా ఉంచారని మెచ్చుకునే అధ్యాయం కూడా ఆ గ్రంథంలోనే ఉంది. హాన్ ఫెయి మరో దిక్కు నుంచి అలాంటి చోటికే వచ్చాడు: చెడిపోయిన కొడుకును తల్లిదండ్రుల కోపం, ఊరివాళ్ల మందలింపు, గురువు బోధ మార్చలేవు, సైనికులతో అధికారి వస్తే మారతాడు, కాబట్టి చట్టమే పాఠం, అధికారే గురువు. జెంగ్‌జి పంది కథ మనకు దక్కింది ఈ హాన్ ఫెయి గ్రంథం వల్లనే కావడం ఒక విశేషం.

## మరి బట్టీ చదువు, పరీక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ప్రభుత్వోద్యోగాలకు రాతపరీక్ష సుయి వంశ కాలంలో (581–618) రూపుదిద్దుకుంది, అంటే కన్ఫ్యూషియస్ మరణించిన వెయ్యేళ్లకు పైగా గడిచాక. తరువాత సోంగ్ వంశ యుగంలో తత్త్వవేత్త జు షి (1130–1200) ‘లున్‌యు’, మెన్షియస్ గ్రంథం సహా నాలుగు గ్రంథాలను చదువుకు కేంద్రంగా నిలిపి వ్యాఖ్యలు రాశాడు. 1313లో ఆ వ్యాఖ్యలే పరీక్షలకు ప్రమాణమయ్యాయి. పరీక్షా విధానం 1905లో రద్దయ్యేవరకు, పిల్లలు మూడక్షరాల పాదాలున్న బాలశిక్షతో మొదలుపెట్టి ఆ గ్రంథాలను అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేశారు. ఆ బాలశిక్ష మొదటి పాదాలే మనిషి స్వభావం పుట్టుకతో మంచిదని చెబుతాయి. నేర్పకుండా పెంచడం తండ్రి తప్పు, కఠినంగా నేర్పకపోవడం గురువు సోమరితనం అని కూడా అదే చెబుతుంది.

కంఠస్థాన్ని సమర్థించేవారి వాదన తేలికైనది కాదు: ముందు మాట లోపలికి వెళ్లాలి, అర్థం వయసుతో పాటు పండుతుంది. మన దగ్గర శతక పద్యాలు నేర్చుకున్నవారికి ఈ అనుభవం ఉంటుంది. విమర్శకులు చెప్పేదీ బలమైనదే: ఉద్యోగం ఆశగా ఉన్నచోట అర్థం పండేదాకా ఆగేవారు తక్కువ. పదవుల కోసమే చదివే ధోరణిని చూసి జు షి స్వయంగా బాధపడ్డాడు. ఆయన పునరుద్ధరించిన ‘శ్వేతమృగ గుహ’ విద్యాపీఠం నియమాలు పరీక్షల కంటే నడతకే పెద్దపీట వేశాయి. కాబట్టి ఒత్తిడికి మూలం ప్రాచీన తత్త్వంలో ఉందనడం కంటే, ఆ తత్త్వాన్ని ఉద్యోగానికి మెట్టుగా మార్చిన వ్యవస్థలో ఉందనడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. అయినా విధేయతకూ పెద్దల అధికారానికీ ఆ గ్రంథాలు ఇచ్చిన స్థానం ఆ వ్యవస్థకు పనికివచ్చిందన్నది కూడా కాదనలేం.

## ఏ పిల్లలు?

బోధనలో తరగతుల భేదం లేదన్నది కన్ఫ్యూషియస్ ప్రసిద్ధ వాక్యం. ఎండబెట్టిన మాంసపు కట్ట మాత్రం కానుకగా తెచ్చినవాడికి కూడా తాను చదువు నిరాకరించలేదని ఆయన అన్నాడు. కానీ ఆయన శిష్యులుగా మనకు పేర్లు తెలిసినవారంతా మగవాళ్లే. ‘లీజి’లో పిల్లల వయసుల పట్టిక ఒకటుంది: ఆరేళ్లకు అంకెలు, దిక్కుల పేర్లు, ఏడేళ్లకు ఆడామగా ఒకే చాప మీద కూర్చోకూడదు, ఎనిమిదికి పెద్దల తరువాత నడవడం, తినడం, తొమ్మిదికి రోజులు లెక్కించడం. పదేళ్లకు మగపిల్లవాడు బయటి గురువు దగ్గర రాత, లెక్కలు నేర్చుకోవడానికి వెళ్తాడు. పదేళ్లకు ఆడపిల్ల బయటికి రావడం మానుతుంది. జనపనార, పట్టు, నేత నేర్చుకుంటుంది.

హాన్ యుగంలో బాన్ జావ్ అనే పండితురాలు ఈ ఏర్పాటును ఆచారగ్రంథం మాటలతోనే ప్రశ్నించింది. ఎనిమిదేళ్లకు చదవడం నేర్పాలని, పదిహేనేళ్లకు పై చదువుకు పంపాలని ఆచారం చెబుతోంది కదా, ఆడపిల్లలకు మాత్రం ఆ నియమం ఎందుకు వర్తించకూడదు అని ఆమె అడిగింది. అదే రచనలో ఆమె భార్యకు అణకువను బోధించింది, ఆడపిల్లల చదువును కూడా భర్తను సరిగ్గా సేవించడం కోసమే కోరింది కాబట్టి, నేటి పాఠకులు ఆమెను మెచ్చుకోవాలా ప్రశ్నించాలా అన్న విషయంలో ఏకాభిప్రాయానికి రాలేకపోతున్నారు. అన్న బాన్ గు వదిలివెళ్లిన హాన్ చరిత్రను పూర్తిచేసిన వారిలో ఆమె ఒకరు, అంతఃపురంలో డెంగ్ మహారాణికి గురువు. ఆ మహారాణే పాలనా బాధ్యత వహిస్తున్న క్రీ.శ. 119లో, రాజబంధువుల ఇళ్ల నుంచి ఐదేళ్లు దాటిన 40 మందికి పైగా పిల్లలను, ఆడపిల్లలనూ మగపిల్లలనూ కలిపి పిలిపించి, వారికి వసతి ఏర్పాటు చేసి ప్రాచీన గ్రంథాలు చదివించింది. వారి పరీక్షలను తానే దగ్గరుండి చూసుకుంది.